చేతివాటం, జూదం, పట్టరాని కోపం: మందులపై అపోహలు – వాస్తవాలు

తప్పని తెలిసీ చిన్న వస్తువు జేబులో వేసుకోవడం, అప్పు తెచ్చి మరీ రమ్మీ ఆడటం, మాట పడగానే చేతికందింది పగలగొట్టడం, జుట్టు పీక్కోవడం... వీటి వెనుక ఒక్కోసారి జబ్బు ఉంటుంది. దానికి డాక్టరు డిప్రెషన్ గోలీ రాస్తే వరంగల్ కాశిబుగ్గలోనైనా, హైదరాబాద్‌లోనైనా ఇంటిల్లిపాదికీ అవే అనుమానాలు.

అపోహ: ఇది జబ్బు కాదు, కొవ్వెక్కి చేసే పని.
వాస్తవం: పార్కిన్సన్స్‌కు వాడే ప్రమిపెక్సోల్ మొదలుపెట్టాక, పేకముక్క ముట్టనివారికీ జూదం యావ పట్టుకున్న సందర్భాలున్నాయి. డాక్టరు మోతాదు తగ్గిస్తే చాలామందిలో ఆ యావ తగ్గింది. ఆ మందు ప్రభావం చూపే మెదడులోని డోపమైన్ మార్గాలు అదుపు తప్పితే మంచి మనిషికైనా మనసు మాట వినదు.

అపోహ: డిప్రెషన్ లేనివారికి ఆ గోలీ దండగ.
వాస్తవం: ఈ మందులు మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం‌పై పనిచేస్తాయి. ఆవేశానికీ దానికీ సంబంధం ఉంది. అమెరికాలో మానసిక వైద్యుడు ఎమిల్ కొకారో బృందం ఉన్నట్టుండి భగ్గుమనే కోపం ఉన్న 100 మందిపై డిప్రెషన్ మందు ఫ్లూక్సెటిన్‌ను పరీక్షించింది. 2009లో వెలువడిన ఫలితాల్లో మందు లేని ఉత్తుత్తి గోలీ కంటే అదే మెరుగని తేలింది. అయినా చెప్పుకోదగ్గంత శమనం దక్కింది సగంలోపు మందికే.

అపోహ: ఒకదానికి పనిచేస్తే అన్నింటికీ పనిచేస్తుంది.
వాస్తవం: చేతివాటం జబ్బుకు ఎసిటాలోప్రామ్ అనే మరో డిప్రెషన్ మందు మొదట్లో ఆశ కల్పించింది. తీరా ఉత్తుత్తి గోలీతో పోల్చి చూస్తే తేడా కనబడలేదు. 2009లో 25 మందిపై జరిగిన మరో పరిశోధనలో, వ్యసనాలకు వాడే నాల్‌ట్రెక్సోన్ దొంగిలించాలన్న తహతహను తగ్గించింది. జూదం విషయంలో డిప్రెషన్ మందుల ఫలితాలు ఒక్కో పరిశోధనలో ఒక్కోలా వచ్చాయి. జుట్టు పీక్కునేవారికి ఫ్లూక్సెటిన్ కంటే అలవాటు మాన్పించే చికిత్సే మేలు చేసింది.

అపోహ: ఒకసారి మొదలుపెడితే జీవితాంతం బానిసలమే. తగ్గగానే ఆపేయాలి.
వాస్తవం: మద్యంలా ఈ మందుల కోసం మనసు కొట్టుకోదు. కానీ ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, వికారం, నిద్రలేమి రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. పాతికేళ్లలోపు వారిలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు, ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. ఎప్పుడైనా అతి హుషారు, నిద్ర అక్కర్లేని రోజులు ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

మెడికల్ షాపులో అడిగి గోలీలు తెచ్చుకోవద్దు. కాశిబుగ్గ వాళ్లకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక విభాగం దగ్గరే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: నా జబ్బు పేరేమిటి? దానికి ఈ మందు పనిచేస్తుందని రుజువు ఎంత? దీంతోపాటు కౌన్సెలింగ్ ఎప్పుడు మొదలుపెడదాం?