‘ఎంపైర్’ పదకుటుంబం – అనువాదకుని బాధ్యత

అనువాద రంగంలో అడుగుపెట్టిన తొలినాళ్ళలో, మొదటి ప్రపంచ యుద్ధానంతర పరిణామాలను గురించిన ఒక ఉర్దూ వ్యాసాన్ని నేను తెలుగు చేశాను. అందులో ‘సామ్రాజ్’ అన్న మాట పదేపదే వచ్చింది. సంస్కృతం నుంచి వచ్చిన మాటే గదా అని తడుముకోకుండా ‘సామ్రాజ్యం’ అని వ్రాశాను. అదే వ్యాసంలో ‘ఉస్మానీ సల్తనత్’ అని ఉన్నచోట కూడా ‘ఉస్మానీ సామ్రాజ్యం’ అన్నాను. వ్యాసం అచ్చయిన తరువాత మా ఊరి విశ్రాంత తెలుగు పండితులొకరు నన్ను పిలిచి, “మౌల్వీగారూ, ఒక పుటలో సామ్రాజ్యం కూలిపోయిందని విలపించారు. తరువాతి పుటలో సామ్రాజ్యం కూలిపోవాలని కోరారు. ఇంతకూ మీరు ఎవరి పక్షం?” అని అడిగారు. నాకు జవాబు తోచలేదు.

తప్పు మూల రచయితది కాదు, నాదే. ఉర్దూలో ‘సామ్రాజ్’ అంటే ఇంగ్లీషువారు ‘ఇంపీరియలిజం’ అనేది. అది నిందావాచకం. తెలుగులో ‘సామ్రాజ్యం’ వైభవాన్ని స్ఫురింపజేసే మాట. ఒకే సంస్కృత ధాతువు రెండు భాషలలో రెండు ముఖాలు ధరించింది. నేను నిందను వైభవంగా మార్చి పాఠకుని చేతిలో పెట్టాను. ఆనాటి నుంచి ‘ఎంపైర్’ అన్న మాటనూ, దాని బంధువులనూ జాగ్రత్తగా పరిశీలించడం అలవాటయింది. ఆ పరిశీలన సారాంశమే ఈ వ్యాసం.

ఆజ్ఞ నుంచి భూభాగానికి

ఈ పదాలన్నింటికీ మూలం లాటిన్ భాషలోని ‘ఇంపెరారే’ అనే క్రియ. దాని అర్థం ఆజ్ఞాపించడం. వ్యాకరణంలో ఆజ్ఞార్థకాన్ని ఇంగ్లీషువారు ‘ఇంపెరటివ్’ అనడం కూడా ఈ ధాతువును బట్టే. దీని నుంచి పుట్టిన నామవాచకం ‘ఇంపీరియం’. రోమను గణతంత్రంలో ఇది దేశం పేరు కాదు. కాన్సల్, ప్రేటర్ వంటి ఉన్నతాధికారులకు నిర్ణీత కాలానికి లభించే ఆజ్ఞాధికారం పేరు. సైన్యాన్ని నడపడం, శిక్షలు విధించడం దాని పరిధిలోనివి. ఆ అధికారానికి గుర్తుగా బెత్తాల కట్టలు మోసే భటులు ముందు నడిచేవారు. క్రమేణా ఆ ఆజ్ఞ చెల్లే భూభాగానికే ‘ఇంపీరియం’ అన్న పేరు వచ్చింది. ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది ‘ఎంపైర్’ అయింది.

‘ఇంపరాటర్’ కథ కూడా ఇటువంటిదే. అది మొదట విజయం సాధించిన సేనానిని సైనికులు జయజయధ్వానాలతో పిలిచే గౌరవ నామం. రోమనులకు ‘రాజు’ అన్న మాట అంటేనే ఏవగింపు. అందుచేత సర్వాధికారాలూ తన చేతిలోకి తీసుకున్న అగస్టస్ రాజు అనిపించుకోలేదు. ‘ఇంపరాటర్’ను తన పేరులో మొదటి భాగంగా చేసుకున్నాడు. సేనాని బిరుదు ఆ విధంగా ఏకచ్ఛత్రాధిపతి బిరుదయింది. ఇంగ్లీషు ‘ఎంపరర్’, దాని స్త్రీలింగ రూపం ‘ఎంప్రెస్’ ఈ వంశానివే. జూలియస్ సీజర్ ఇంటిపేరు మరొక దారిన వెళ్ళి జర్మనులకు ‘కైజర్’, రష్యనులకు ‘జార్’, అరబ్బులకు ‘కైసర్’ అయింది.

ఎంపరర్ లేని ఎంపైర్

ఎంపైర్ అంటే ఎంపరర్ ఏలే దేశమని చాలామంది భావిస్తారు. చరిత్ర అలా లేదు. ఫ్రాన్సు 1870 తరువాత గణతంత్ర రాజ్యం. అయినా ఆఫ్రికాలోనూ, ఇండోచైనాలోనూ విశాలమైన ఎంపైర్ దానికి ఉండేది. జపానులో దీనికి విలోమం. అక్కడ 1947 రాజ్యాంగం అమలులోకి వచ్చిన తరువాత ఎంపైర్ లేదు. ఎంపరర్ మాత్రం ఉన్నాడు.

బ్రిటన్ విషయం మరీ విచిత్రం. లండనులో ఉన్నది రాణి. ఆమె ఎంప్రెస్ అయినది భారతదేశానికి మాత్రమే. 1876లో పార్లమెంటు రాజబిరుదుల చట్టం చేసింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో లార్డ్ లిట్టన్ సమక్షంలో దాని ప్రకటన జరిగింది. అంతకుముందు రూపాయి మీద ‘విక్టోరియా క్వీన్’ అని ఉండేది. 1877 నుంచి ‘విక్టోరియా ఎంప్రెస్’ అని ముద్రించారు. మన పెద్దల పెట్టెలలో దొరికే పాత నాణేలలో ఈ భేదం నేటికీ చూడవచ్చు. ఈ బిరుదుకు ‘కైసరె హింద్’ అన్న దేశీయ రూపాన్ని సూచించినవాడు లాహోరులో విద్యాధికారిగా ఉన్న ప్రాచ్య భాషావేత్త లైట్నర్. అరబీ, ఫార్సీ చదువుకున్నవారికి ‘కైసర్’ పరిచితమే గనుక ఆ మాట అతకగలదని ఆయన భావించాడు. స్వాతంత్ర్యానంతరం 1948 జూన్ 22న ఆరవ జార్జి బిరుదులలో నుంచి భారత చక్రవర్తి అన్నది తొలగిపోయింది.

నింద ఎప్పుడు చేరింది?

‘ఇంపీరియలిజం’ ఈ కుటుంబంలో చిన్నది. 19వ శతాబ్ది మధ్యకాలంలో ఇంగ్లీషువారు ఈ మాటను ఎక్కువగా ఫ్రాన్సులో మూడవ నెపోలియన్ సాగించిన నిరంకుశ పాలనను ఎత్తిపొడవడానికి వాడేవారు. విక్టోరియాకు కొత్త బిరుదు ఇచ్చిన 1876 ప్రాంతాలలో డిజ్రేలీ విధానాలను విమర్శించేవారు దానిని తమ దేశ రాజకీయాలలోకి తెచ్చారు. 1902లో హాబ్సన్ ఈ పేరుతోనే గ్రంథం వ్రాసి, విదేశీ ఆక్రమణల వెనుక పెట్టుబడిదారుల ప్రయోజనాలున్నాయని వాదించాడు. లెనిన్ 1916లో వ్రాసి 1917లో ప్రచురించిన పుస్తకంలో దానిని పెట్టుబడిదారీ వ్యవస్థ అత్యున్నత దశగా నిర్వచించాడు. మనం నేడు ‘సామ్రాజ్యవాదం’ అంటున్నది ఈ చరిత్ర అంతా మోస్తున్న మాట.

దీనికి పొరుగున ఉన్నది ‘కొలోనియలిజం’. దాని ధాతువుకు సేద్యం చేయడమని అర్థం. తెలుగులో ‘వలసవాదం’. అరబీలో దీనిని ‘ఇస్తిఅమార్’ అంటారు. మదరసాలో ప్రాచీన అరబీ చదివిన విద్యార్థి ఇక్కడ తికమకపడతాడు. ఎందుకంటే దివ్య ఖురాన్ హూద్ సూరా 61వ ఆయత్‌లో ఇదే ధాతువు అల్లాహ్ మానవులను భూమిపై నివసింపజేసిన సందర్భంలో వచ్చింది. అక్కడ అది అనుగ్రహం. నేటి పత్రికలలో అది దౌర్జన్యం. మాట మారలేదు, దానిని ఉపయోగించినవారి చేతలు దాని అర్థాన్ని మార్చాయి.

మన గ్రంథాలలోని మాటలు

ఇక అసలు సమస్యకు వద్దాం. ఇంగ్లీషు చరిత్ర గ్రంథాలలో ఖిలాఫత్, సల్తనత్, దౌలత్ అన్నీ ‘ఎంపైర్’ అన్న ఒకే గూటిలో చేరతాయి. కాని ‘ఖలీఫా’ అంటే తరువాత వచ్చినవాడు, స్థానాన్ని నిర్వహించేవాడు. హజ్రత్ అబూబక్ర్ (రజి) దైవప్రవక్త (స) ఖలీఫాగా పిలువబడ్డారు. హజ్రత్ ఉమర్ (రజి) ‘అమీరుల్ మోమినీన్’ అనిపించుకున్నారు. ‘సుల్తాన్’ అన్నది ఖురాన్‌లో అధికారం, ప్రమాణం అనే అర్థాలలో ఉంది. 11వ శతాబ్దిలో సల్జూకుల కాలానికి అది పాలకుల బిరుదుగా స్థిరపడింది. ‘దౌలత్’కు మూలార్థం వంతు, మలుపు. నేడు ఒకరి చేత ఉన్నది రేపు మరొకరి చేతికి పోతుందన్న ఎరుక ఆ మాటలోనే ఉంది. ఉస్మానీలు తమ రాజ్యాన్ని ‘దౌలతె అలియ్యా’ అన్నారు, అనగా ఉన్నత ప్రభుత్వం. మాటలు మతాల సరిహద్దులు కూడా దాటుతాయి. 14వ శతాబ్ది విజయనగర ప్రభువులు శాసనాలలో ‘హిందూరాయ సురత్రాణ’ అని చెప్పుకున్నారు. ఆ ‘సురత్రాణ’ మన ‘సుల్తాన్’ సంస్కృత వేషమే.

బిరుదుల విషయంలో పూర్వులు ఎంత జాగరూకులో తెలిపే ఉదాహరణలు కొన్ని ఉన్నాయి. దైవప్రవక్త (స) రోము పాలకుడు హిరక్ల్‌కు పంపిన లేఖలో ఆయనను రాజు అనిగాని, కైసర్ అనిగాని సంబోధించలేదనీ, రోమనులలో గొప్పవాడనే అర్థమిచ్చే ‘అజీమ్’ అన్న మాట వాడారనీ సహీహ్ బుఖారీ వల్ల తెలుస్తుంది. మర్యాద తగ్గలేదు, అంగీకరించని అధికారాన్ని అంగీకరించినట్లూ కాలేదు. 13వ శతాబ్ది చరిత్రకారుడు ఇబ్నె వాసిల్, రెండవ ఫ్రెడరిక్ గురించి వ్రాస్తూ ‘ఎంపరర్’ను ఖలీఫా అనలేదు, సుల్తాన్ అనలేదు. ఫిరంగుల మాటనే అరబీ లిపిలో వ్రాసి, అమీర్లకు రాజు అని అర్థం చెప్పాడు. నా దృష్టిలో అది ఆదర్శప్రాయమైన అనువాద పద్ధతి.

అన్నింటికన్నా హృదయాన్ని తాకేది ఇమాం మావర్దీ ఉదంతం. హిజ్రీ 429లో (1037–38) బగ్దాదు బువైహీ అమీరు జలాలుద్దౌలా రాజాధిరాజు అనే బిరుదు కోరాడు. పలువురు ఫకీహులు అనుమతించారు. అటువంటి పేరును అల్లాహ్ ఎంతగా ఏవగించుకుంటాడో చెప్పిన హదీసును బట్టి మావర్దీ సమ్మతించలేదు. ఆయన ఆ అమీరుకు ఆప్తుడు, అయినా నిరాకరించాడు. బిరుదైతే అమీరుకు దక్కింది. కాని ముఖస్తుతికి లోనుకానందుకు మావర్దీ పట్ల ఆయన గౌరవం పెరిగిందని చరిత్రకారులు వ్రాశారు. ఒక్క మాట కోసం ఒక విద్వాంసుడు తన స్నేహాన్ని పణంగా పెట్టాడు. మనం గడువు దాటిపోతుందన్న తొందరలో మాటలను తూచకుండా దొర్లిస్తున్నాము.

రెండువైపులా న్యాయం

అయితే ఒక హెచ్చరిక అవసరం. ‘మాది ఖిలాఫత్, ఎంపైర్ కాదు’ అని పేరు చాటున దాగడం కూడా న్యాయం కాదు. అబ్బాసీలు, ఉస్మానీలు, మొగలులు అనేక జాతులను జయించి ఏలారు, పన్నులు తీసుకున్నారు, వంశపారంపర్యంగా రాజ్యం చేశారు. ఖిలాఫత్ క్రమేణా ‘ముల్క్’గా, అంటే రాచరికంగా, మారిపోయిందని 1377లో తన ముఖద్దమాలో విశ్లేషించినవాడు పరాయివాడు కాదు, ఇబ్నె ఖల్దూన్. విశాలత్వాన్నీ పాలనా స్వరూపాన్నీ వర్ణించవలసి వచ్చినప్పుడు ‘సామ్రాజ్యం’ అనడంలో తప్పు లేదు. పదవికీ, సంస్థకూ పేరుగా దానిని వాడితేనే తప్పు.

కనుక నేను పాటిస్తున్న నియమాలు ఇవి. సంస్థల పేర్లను వాటి స్వంత రూపంలోనే ఉంచి, మొదటిసారి అర్థం వివరించాలి. రోమను ‘ఇంపీరియం’ ప్రాచీన సందర్భంలో ఆజ్ఞాధికారమే, సామ్రాజ్యం కాదు. ‘ఇంపీరియలిజం’కూ, ఉర్దూ ‘సామ్రాజ్’కూ ‘సామ్రాజ్యవాదం’ సరిపోతుంది. ‘ఇస్తిఅమార్’ నేటి రచనలో వలసవాదం. ప్రాచీన గ్రంథంలో సందర్భాన్ని బట్టి నిర్ణయించాలి. 19వ శతాబ్దిలో పుట్టిన నిందను 7వ శతాబ్దివారికి అంటగట్టరాదు. అలాగని 7వ శతాబ్ది పవిత్రతను తరువాతి రాజులకు అరువివ్వరాదు.

ఆ పండితులు నేడు లేరు. వారి ప్రశ్న మాత్రం నా బల్ల మీద ఉంది. ఏ మాటకు తెలుగు వెతుకుతున్నా ముందుగా అదే నన్ను నేను అడుగుకుంటాను: ఇంతకూ ఈ మాట ఎవరి పక్షం మాట్లాడుతున్నది?