అడాప్టర్ ఒక్కటే సరిపోదు

పచ్చళ్లు, పొడులు, పట్టుచీరలు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకుంటాం. వెళ్లే దేశంలో కరెంటు ఎన్ని వోల్టులో, తేదీ ఎలా రాస్తారో, రోడ్డు దాటే ముందు ఎటు చూడాలో మాత్రం ఎవరూ చెప్పరు.

బియ్యం కడిగి, నీళ్లు పోసి, మీట నొక్కి గంట దాటింది. మూత తీస్తే నీళ్లు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. ఎర్రదీపం గుడ్డిగా వెలుగుతోంది. టెక్సాస్‌లోని మా చెల్లెలి ఇంటికి అమ్మ విజయవాడ నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చిన ఎలక్ట్రిక్ కుక్కర్ అది. ‘‘దారిలో ఎక్కడో దెబ్బ తగిలినట్టుందే’’ అంది అమ్మ, మొహం చిన్నబుచ్చుకుని.

దానికి ఏ దెబ్బా తగల్లేదు. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, అమెరికా ఇళ్లలో 120. సగం వోల్టేజీ కదా, సగం వేడైనా వస్తుందనుకుంటాం. రాదు. వోల్టేజీ సగమైతే దాన్లోంచి పారే కరెంటూ సగమైపోతుంది. సగంలో సగం, అంటే పావు వంతు వేడి మిగులుతుంది. 700 వాట్ల కుక్కర్ అక్కడ 190 వాట్ల దగ్గర ఆగిపోతుంది. ఆ వేడికి అన్నం ఉడకదు.

అమ్మ అడాప్టర్ కూడా కొనుక్కునే వచ్చింది. చిక్కు అక్కడే ఉంది. అడాప్టర్ మన గుండ్రటి పిన్నులను అక్కడి బల్లపరుపు పిన్నుల సాకెట్‌లో పట్టిస్తుందే గానీ వోల్టేజీని మార్చదు. మార్చాలంటే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మిక్సీని తిప్పగలిగే ట్రాన్స్‌ఫార్మర్ మిక్సీ కన్నా బరువుంటుంది. అంతకన్నా అక్కడి ఇండియన్ స్టోర్‌లో 110 వోల్టుల మిక్సీ కొనుక్కోవడమే నయం, మన కంపెనీలే వాటిని తయారుచేస్తున్నాయి. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లకు ఈ బెడద లేదు. వాటి వీపు మీద చీమతలకాయంత అక్షరాల్లో ‘100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటుంది. ఆ ఒక్క వరుస చదవడం నేర్చుకుంటే సగం సామాను విషయం తేలిపోతుంది.

తిరుగు ప్రయాణంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. అక్కడ కొన్న 120 వోల్టుల హెయిర్ డ్రయ్యర్‌ని ఇక్కడ నేరుగా గోడకు పెడితే దాదాపు నాలుగు రెట్ల వేడి పుడుతుంది. కాలిపోతుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లేవారికి వోల్టేజీ తేడా లేదు, ప్లగ్గు ఒక్కటే తేడా. జపాన్‌లో మళ్లీ 100 వోల్టులు. పైగా టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. పంతొమ్మిదో శతాబ్దం చివర ఒకరు జర్మనీ యంత్రాలు, మరొకరు అమెరికా యంత్రాలు కొన్నారు. ఆ తేడా ఈనాటికీ అలాగే ఉంది.

పదహారణాలు పోయి...

కొలతలు మారడం మనకు కొత్తేమీ కాదు. 1956లో చట్టం వచ్చి వీశలు, శేర్లు పోయి కిలోలు వచ్చాయి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారణాల లెక్క పోయి వంద నయాపైసలు వచ్చాయి. అణా పోయి ఇన్నేళ్లయినా ‘పదహారణాల తెలుగమ్మాయి’ అనే మాట మాత్రం పోలేదు. సోల, తవ్వ, మానిక ఇంకా కొన్ని వంటిళ్లలో బతికే ఉన్నాయి. ఆ రోజుల్లో సంతకెళ్లిన పెద్దవాళ్లు ఎంత తికమక పడి ఉంటారో ఇప్పుడు పరాయి దేశంలో పాలడబ్బా మీద గ్యాలన్ అని చదివినప్పుడు అర్థమవుతుంది.

అసలు దేశం దాకా ఎందుకు? గుంటూరులో పొలం సెంట్లలో చెబుతారు, కరీంనగర్‌లో గుంటల్లో చెబుతారు. ఎకరానికి సెంట్లు వంద, గుంటలు నలభై. సెంటుకు 48.4 గజాలు, గుంటకు 121. ఒకే భాష మాట్లాడుకునే ఇద్దరు వియ్యంకులు ఒకే పొలం గురించి రెండు అంకెలు చెప్పుకోవచ్చు, ఇద్దరిదీ నిజమే అవుతుంది.

మనకు తెలియకుండానే మన దగ్గర అమెరికా కొలతలు కొన్ని ఉన్నాయి. ‘బాబుకు నూట రెండు జ్వరం’ అన్నామంటే అది ఫారెన్‌హీటే. మనిషి ఎత్తు అడుగులు, అంగుళాల్లోనే చెబుతాం. అమెరికాలో వాతావరణం, పొయ్యి వేడి కూడా ఫారెన్‌హీట్‌లోనే చెబుతారు. వాళ్లు బయట 70 డిగ్రీలన్నారనుకోండి, ముప్ఫై తీసేసి సగం చేస్తే 20 సెల్సియస్ వస్తుంది. అసలు లెక్క 21. స్వెట్టర్ వేసుకోవాలో వద్దో తేల్చుకోవడానికి ఇది చాలు. ఓవెన్‌కు మాత్రం చాలదు, అక్కడ 350 అంటే 177 సెల్సియస్. మైలు అంటే 1.6 కిలోమీటర్లు. రోడ్డు పక్క బోర్డు మీద 65 అని ఉంటే అది మన లెక్కలో 105. గ్యాలన్ అంటే 3.8 లీటర్లకు కాస్త తక్కువ. పౌండు అంటే అరకిలోకు ఇంకో యాభై గ్రాములు తక్కువ.

అంకె చెప్పి ప్రమాణం చెప్పకపోతే ఏమవుతుందో 1983 జులై 23న కెనడాలో లోకం చూసింది. మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ వెళ్లాల్సిన ఎయిర్ కెనడా బోయింగ్ 767కు 22,300 కిలోల ఇంధనం కావాలి. దేశం అప్పుడే మెట్రిక్‌కు మారుతోంది. లెక్క వేసినవాళ్లు పాత గుణకం వాడారు. ట్యాంకుల్లో ఉన్నది 22,300 పౌండ్లు, అంటే సగం కూడా కాదు. 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అడుగంటి, ఇంజిన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. పైలట్లు ఆ విమానాన్ని గ్లైడర్‌లా జార్చుకుంటూ గిమ్లీ అనే ఊళ్లోని పాత వైమానిక స్థావరంలో దింపారు. అందులో ఉన్న 69 మందీ బతికారు.

విమానం కథ ఎందుకంటే, అదే పొరపాటు పిల్లల డాక్టరు ముందు జరగడానికి ఒక్క క్షణం చాలు. ‘‘పాప బరువెంత?’’ అని నర్సు అడుగుతుంది. ‘‘పన్నెండు’’ అంటాం మనం. పన్నెండు కిలోలంటే ఇరవై ఆరున్నర పౌండ్లు. పసిపిల్లల మందు మోతాదు బరువును బట్టే నిర్ణయిస్తారు. అందుకని అంకె వెనకాలే ‘కిలోలు’ అనే మాట కూడా ప్రతిసారీ చెప్పాలి.

మందుల విషయంలో ఇంకో మాట. మన పారాసిటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. టైలినాల్ అన్నా అదే. జలుబుకు కొనే సిరప్‌లలోనూ అది కలిసి ఉండొచ్చు. పేరు కొత్తగా ఉందని రెండూ వేసుకుంటే మోతాదు మించి కాలేయానికి ముప్పు. షుగర్ ఉన్న పెద్దవాళ్లు బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా వెళితే అక్కడి రిపోర్టులో 7 అని కనిపించవచ్చు. కంగారు పడొద్దు. దాన్ని 18తో గుణించండి, మనకు అలవాటైన 126 వస్తుంది. అమెరికాలో మాత్రం షుగర్ అంకె మన పద్ధతిలోనే ఉంటుంది.

ముందు ఇంటిపేరు, తర్వాత పేరు

తెలుగువాళ్లను అందరికన్నా ఎక్కువ కష్టపెట్టే ప్రమాణం ఒకటుంది. దానికి వోల్టులూ లేవు, పౌండ్లూ లేవు. అది మన పేరు.

మనకు ఇంటిపేరు ముందుంటుంది. బడిలో వేసేటప్పుడు దాన్ని ఒక్క అక్షరానికి కుదిస్తారు. టెన్త్ మెమోలో ఆ అక్షరమే పడుతుంది. ఒక సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో చుక్కతో, మరోదాంట్లో చివర. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు, మనిషి ఎదురుగా ఉన్నాడు కదా అని సరిపెట్టుకుంటారు. అక్కడ మనిషిని చూడరు, గడి చూస్తారు. ‘సర్‌నేమ్’ గడిలో ఇంటిపేరు, ‘గివెన్ నేమ్’ గడిలో సొంత పేరు ఉండాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద మన సొంత పేరు వెళ్లి ఇంటిపేరు చోట కూర్చుంటుంది. మొదటి పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని అర్థం. ఆ మూడక్షరాలు అక్కడి నుంచి డ్రైవింగ్ లైసెన్స్‌కి, బ్యాంకు కార్డుకి, ఆస్పత్రి ఫైలుకి పాకుతాయి. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరు ఉండగా మనిషిని పేరు తెలియనివాడిగా రాసుకోవడం ఎంత బాధో అనుభవించినవారికే తెలుస్తుంది.

పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు మార్చాలా వద్దా, పుట్టే బిడ్డకు ఏ పేరు ముందు పెట్టాలి అన్నవి కూడా టికెట్లు కొన్నాక ఆలోచించాల్సినవి కావు. టెన్త్ మెమో, డిగ్రీ పట్టా, పాస్‌పోర్టు ఈ మూడింట్లో అక్షరం తేడా లేకుండా చేసుకోవడం వీసాకు దరఖాస్తు పెట్టకముందే పూర్తి కావాలి. ఊళ్లో ఉండగా అది కొన్ని వారాల పని. సముద్రం దాటాక ఏళ్ల తరబడి తెమలదు.

తేదీ సంగతీ ఇలాంటిదే. మనం 05/06 అని రాస్తే జూన్ అయిదు. అమెరికావాళ్లు మే ఆరు అని చదువుతారు. ఇరవై అయిదో తేదీని ఎవరూ నెల అనుకోరు కాబట్టి బాధ లేదు. నెలలో మొదటి పన్నెండు రోజులతోనే తంటా. పిల్లల టీకా కార్డు మీద డాక్టరుగారు హడావుడిగా గీసిన 03/07ని అక్కడి బడివాళ్లు మార్చి ఏడుగా చదివితే ఒక టీకా నాలుగు నెలల ముందే వేసినట్టు లెక్కలోకి వెళుతుంది. నెలను అక్షరాల్లో రాయడం ఒక్కటే దీనికి మందు.

గడియారం కూడా అక్కడ ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చిలో రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్‌లో మొదటి ఆదివారం గంట వెనక్కి. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదైతే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అరిజోనాలో చాలా భాగం, హవాయి రాష్ట్రం ఈ మార్పు పాటించవు. నవంబర్‌లో పిల్లల ఫోన్ గంట ఆలస్యమైందని ఇక్కడ అమ్మలు దిగులు పడకుండా ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ముందు ఎడమకు చూడండి

మిగతావన్నీ తప్పు చేసి నేర్చుకోవచ్చు, రోడ్డు మాత్రం ముందే నేర్చుకోవాలి. చిన్నప్పటి నుంచి మన మెడ ముందు కుడికి తిరుగుతుంది, బళ్లు అటు నుంచే వస్తాయి కాబట్టి. అమెరికాలో బళ్లు కుడివైపు నడుస్తాయి, దాటేవారి మీదికి మొదట ఎడమ నుంచి వస్తాయి. నడిచే అమ్మానాన్నలకు దీన్ని నోటితో చెబితే చాలదు. చెయ్యి పట్టుకుని నాలుగు రోజులు దాటించాలి.

బండి నడిపేవారికి: ‘స్టాప్’ బోర్డు ఉంటే చక్రం పూర్తిగా ఆగాలి, ఎదురుగా పిట్ట లేకపోయినా సరే. పసుపు రంగు స్కూలు బస్సు ఎర్రదీపాలు వెలిగించి పక్కన చిన్న స్టాప్ బోర్డు చాపితే వెనకాలవారే కాదు, ఎదురుగా వచ్చేవారూ ఆగిపోవాలి. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్ల మీద చాలా రాష్ట్రాలు ఎదురు వచ్చేవారికి మినహాయింపు ఇస్తాయి. పోలీసు ఆపితే మనం ఇక్కడ మర్యాదగా దిగి ఆయన దగ్గరకు వెళతాం. అక్కడ అలా చేయకూడదు. సీట్లోనే కూర్చుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేలా పెట్టి, ఆయన అడిగాకే కాగితాల కోసం చెయ్యి కదపాలి.

ఇంట్లో చిన్నచిన్నవి చాలా ఉన్నాయి. స్విచ్ పైకి నొక్కితే వెలుగుతుంది. లిఫ్టులో ఒకటో అంతస్తు అంటే మన గ్రౌండ్ ఫ్లోరే. ధర చీటీ మీద పన్ను కలిసి ఉండదు, మన ఎంఆర్‌పీలా కాదు. తాలింపు ఘాటుగా వేస్తే పొగ అలారం మోగుతుంది. అది మోగిందని బ్యాటరీ పీకి పక్కన పెట్టే ఇళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి, రాత్రి నిద్రలో ప్రాణం కాపాడేది అదే. ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, కిటికీ తీసి తాలింపు వేసుకోండి.

ఇవన్నీ అక్కడివాళ్లు మనకు చెప్పరు. దురుద్దేశమేమీ కాదు, పుట్టినప్పటి నుంచి చూస్తున్నది చెప్పాల్సిన విషయమని వాళ్లకు తట్టదు. చెప్పాల్సింది మనకన్నా ముందు వెళ్లిన మనవాళ్లే. వీసా ఇంటర్వ్యూకు నెలల తరబడి తర్ఫీదు ఇచ్చుకునే మనం, మనవడిని చూడ్డానికి వచ్చే అరవై అయిదేళ్ల తల్లికి ఒక్క పూట తర్ఫీదు ఇవ్వకపోవడం తప్పు. పగలంతా పిల్లలు ఆఫీసులకు వెళ్లాక ఆ ఇంట్లో ఉండేది ఆమే కదా.

కుక్కర్ సంగతి జరిగిన మర్నాడు మా చెల్లెలు ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించింది. పైన పెద్దగా 911. మన 112, 108 లాంటిదని పక్కనే రాసింది. దాని కింద తన ఇంటి అడ్రసు, తెలుగు లిపిలో, ఇంగ్లిష్ మాటలు పలికినట్టే. ఎందుకంటే అక్కడ ఫోనెత్తగానే మొదట అడిగేది ఎక్కడున్నారనే. తర్వాత ‘తెలుగు’ అనే ఒక్క మాట చెప్పమని, చాలా కేంద్రాల్లో దుబాసీని లైన్లోకి పిలిచే ఏర్పాటు ఉంటుందని రాసింది. కింద అమ్మ వేసుకునే మందుల అసలు పేర్లు, పడని మందు పేరు. అమ్మ రోజూ కాఫీ తాగుతూ ఆ అడ్రసు పైకి చదివేది. వారానికల్లా చూడకుండా చెప్పేసింది.

మీ అమ్మానాన్నలు వచ్చే నెల విమానం ఎక్కుతుంటే ఆ కాగితం ఈ రోజే రాయండి. మీరు రాసినది వాళ్లచేత ఒకసారి పైకి చదివించండి.