మీకు తెలుసా? బీదర్‌లో ‘శరణార్థి’ అంటే దండం!

హవాయి దీవుల్లో ‘అలోహా’ అంటే పలకరింపు, వీడ్కోలు, ప్రేమ కూడా. అలా ఒక్క మాటే పది పనులు చేసే ముచ్చట మన పొరుగున, కర్ణాటకలోని బీదర్ జిల్లాలోనూ ఉంది. ఆ మాట ‘శరణు’.

• పలకరింపు: లింగాయతులు ఎదురుపడితే చేతులు జోడించి ‘శరణు శరణార్థి’ అంటారు. తెలుగులో శరణార్థి అంటే తలదాచుకోవడానికి వచ్చినవాడు. అక్కడ అదే నమస్కారం.

• భక్తుడు: 12వ శతాబ్దంలో కల్యాణంలో, అంటే నేటి బసవకల్యాణలో, బసవణ్ణ వెంట నడిచిన శివభక్తులు ‘శరణులు’. స్త్రీ అయితే ‘శరణె’.

• లొంగుబాటు: నిందితుడు పోలీసుల ముందు ‘లొంగిపోయాడు’ అని మన పత్రికలు రాస్తే, కన్నడ పత్రికలు ‘శరణాద’ అంటాయి.

• ఇల్లు: సంస్కృతంలో ‘శరణం’ అంటే రక్షణ, రక్షించేవాడు, ఇల్లు కూడా.

ఈ శరణుల కథలు రెండు భాషల మధ్య రాకపోకలు సాగించాయి. పాల్కురికి సోమనాథుడు తెలుగులో ద్విపదగా రాసిన ‘బసవ పురాణా’న్ని భీమకవి 1369లో కన్నడంలోకి తీసుకెళ్లాడు.

ఈసారి బీదర్‌లో ఎవరైనా మీతో ‘శరణు’ అంటే, ఏం ఆపద వచ్చిందోనని కంగారుపడకండి. మీరూ చేతులు జోడించి ‘శరణు’ అనండి, చాలు!