రేగడి నెర్రెల్లో గ్యాసు జాడ

‘లేజరుతో గ్యాసు లీకు పట్టే చేతి యంత్రం మీద ముఖచిత్ర కథనం కావాలి. మన మిర్చి, పత్తి చేలకు ముడిపెట్టండి. గురువారం సాయంత్రానికి అందాలి.’ ఎడిటర్ గారి కబురు ఇంతే. లేజరుకూ మిర్చి చేనుకూ ముడేమిటని నవ్వుకున్నాను. యంత్రం పనితీరు చదివే కొద్దీ నవ్వు తగ్గింది.

యంత్రం పెద్ద టార్చిలైటంత ఉంటుంది. మీట నొక్కితే కంటికి కనిపించని పరారుణ కిరణం వెళుతుంది. గురి కోసం దాని పక్కనే ఓ రంగు చుక్క పడుతుంది. కిరణం గోడకో నేలకో తగిలి, కొంత వెలుగు వెనక్కి వస్తుంది. సహజవాయువులో ముఖ్యభాగమైన మీథేన్ 1.65 మైక్రాన్ల దగ్గర వెలుగును మింగేస్తుంది. వెనక్కొచ్చిన వెలుగులో ఆ మేరకు తరుగు కనిపిస్తే దారిలో మీథేన్ ఉన్నట్టే. రోడ్డు మీద నిలబడే 30 మీటర్ల అవతలి ప్రహరీ మూలను తడిమి రావచ్చు. కిటికీ అద్దంలోంచి గదిలోకీ చూడవచ్చు.

నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం తెర మీద అంకె పక్కనుండే కొలమానం: పీపీఎం-మీటరు. అంటే గాలి పది లక్షల భాగాల్లో గ్యాసు ఎన్ని భాగాలో (పీపీఎం), దాన్ని అది పరుచుకున్న దూరంతో హెచ్చించిన లెక్క. మిర్చి యార్డులో ఈ గేటు నుంచి ఆ గేటు దాకా నడిచిన మనిషి పీల్చిన మొత్తం ఘాటు లెక్క లాంటిది ఇది. ఏ టిక్కీల (బస్తాల) వరస దగ్గర ఎంత పీల్చాడో అందులో తేలదు. అంకె 1,000 వచ్చిందనుకోండి. మీటరు మందాన 1,000 పీపీఎం గ్యాసు ఉండొచ్చు, పది మీటర్ల మేర 100 పీపీఎం పరుచుకుని ఉండొచ్చు. మొదటిది గొట్టం పక్కనే ఉన్నట్టు, రెండోది ఎక్కడినుంచో కొట్టుకొచ్చినట్టు. ఏదన్నది మనిషే పక్కకు జరిగి, కోణం మార్చి తేల్చుకోవాలి. పైగా మామూలు గాలిలోనే 2 పీపీఎం దాకా మీథేన్ ఉంది. 50 మీటర్ల దూరం గురిపెడితే ఏ లీకూ లేకుండానే 100 చూపిస్తుంది. ఈ సంగతి తెలియని వాడి చేతిలో ఇది మంచి భయపెట్టే బొమ్మ.

ఇక మన నేల. నల్లరేగడి ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది. దాని కింద పూడ్చిన గొట్టానికి చిల్లి పడితే గ్యాసు నిటారుగా పైకి రావాలని నియమమేమీ లేదు. సులువైన నెర్రె పట్టుకుని ఎక్కడో తేలుతుంది. వానలు పడి నేల పైపొర మూసుకున్నాక పక్కలకు పాకుతుంది. అందుకని మే నెలలో తీసిన రీడింగు ఆగస్టులో చెల్లదు. లేజరు చూపేది గ్యాసు బయటికొచ్చిన చోటు. చిల్లి ఎక్కడుందో తెలియాలంటే గునపంతో వరసగా బెజ్జాలు వేసి, ఒక్కోదాంట్లో గ్యాసు ఎంతుందో చూసుకుంటూ పోవాలి. నీరు నిలిచిన మడి మీద కొడితే కిరణం జారి పక్కకు పోతుంది, రీడింగు సరిగా రాదు. పొడి చేనే నయం.

లేజరు రాకముందు పైరు చూసి లీకు పట్టేవారు. నేలలోకి చేరిన మీథేన్ ఆక్సిజన్‌ను తోసేస్తుంది. మీథేన్ తినే బాక్టీరియా మిగిలిన ఆక్సిజన్‌నూ వాడేసుకుంటుంది. వేరుకు ఊపిరాడక మొక్క పసుపెక్కుతుంది. గొట్టం వెంట గడ్డి మాడిన చారను సర్వేకి వెళ్లినవాళ్లు ఇప్పటికీ వెతుకుతారు. మన దగ్గర ఆ పప్పులుడకవు. మిర్చి ఆకు తేడా చేయడానికి జెమిని వైరస్, నల్లి, నీరు నిలిచి వేరు కుళ్లడం, ఏదైనా చాలు. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం తోటల్ని ఊడ్చేసింది. పత్తి ఆకు ఎర్రబడటం చలికాలంలో మామూలే. ‘ఇక్కడ మొక్క నిలవడం లేదు’ అని రైతు అంటే వందమంది వంద మందులు చెబుతారు. లేజరు అయితే ఆ చోటికి గురిపెట్టగానే అనుమానం గ్యాసు మీద ఉంచాలా తీసెయ్యాలా చెప్పేస్తుంది. ఈ ఒక్క పనికీ యంత్రం నాకు నచ్చింది.

యంత్రం మీద నా అనుమానం మాత్రం నగరం అనే ఊరి దగ్గర మొదలవుతుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని ఆ గ్రామంలో గెయిల్ సంస్థ 18 అంగుళాల గ్యాసు గొట్టం పగిలింది. తాటిపాక నుంచి కొండపల్లి లాంకో విద్యుత్కేంద్రానికి వెళ్లే లైను అది. టీ కొట్టు పొయ్యి వెలిగించగానే అంటుకుందని పత్రికలు రాశాయి. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపడంతో అది లోపలినుంచే తుప్పు తినేసిందని విచారణలో తేలింది. లోపల తుప్పు తింటున్నంత కాలం లేజరుకు ఏమీ కనిపించదు. చిల్లి పడ్డాకే దాని పని, అదీ ఎవరో ఒకరు అటు నడిస్తేనే. లైను వెంట నడిచే మనిషి జీతం మిగిల్చి యంత్రం కొంటామంటే నేను ఒప్పుకోను.

గ్యాసు జాడ పట్టే పని చరిత్ర గబగబా: 1815లో డేవీ గని దీపం. 1859లో లండన్‌లో జాన్ టిండాల్, బొగ్గు గ్యాసు వేడి కిరణాలను మింగుతుందని చూపించాడు. తర్వాత లేజర్లు వచ్చాయి. టెలికాం కోసం చవకబడ్డ డయోడ్ లేజర్లను ఈ శతాబ్దం తొలి ఏళ్లలో జపాన్‌లో టోక్యో గ్యాస్, అమెరికాలో ఫిజికల్ సైన్సెస్, హీత్ సంస్థలు చేతి యంత్రాలుగా మార్చాయి.

వంటింటి సిలిండరుకు పనికిరాదు
సిలిండరులో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. మీథేన్‌కు శ్రుతి చేసిన లేజరు దాన్ని పట్టదు. సిలిండరు గ్యాసు గాలికన్నా బరువు, నేలబారున నిలుస్తుంది. మీథేన్ తేలిక, పైకి లేస్తుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్న మీథేన్‌కు నిప్పు తగిలితే పేలుతుంది. ఇళ్లకొచ్చే పైపు గ్యాసులో వాసన కలుపుతారు. గాలిలో 1 శాతం చేరేసరికే ముక్కుకు తెలిసిపోవాలని లెక్క. మిర్చి సీజనులో యార్డు పక్క వీధుల ముక్కుల్ని ఆ లెక్కలో చేర్చారో లేదో!

గిత్త ముక్కుకు గురి
స్కాట్లాండ్ పరిశోధకులు ఇదే యంత్రాన్ని ఆవుల ముక్కుపుటాలకు గురిపెట్టి, నెమరువేసేటప్పుడు వదిలే మీథేన్‌ను కొలిచారు. పశువు మూతికి చిక్కం తగిలించక్కర్లేదు, కొన్ని అడుగుల దూరం చాలు. బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మశాస్త్ర సంస్థ తయారుచేసిన ‘హరిత ధార’ దాణా మిశ్రమం ఆ మీథేన్‌ను 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందంటున్నారు. గుంటూరు పక్కనే లాం ఫారంలో ఒంగోలు జాతి మంద ఉంది. ముఖచిత్రానికి గిత్త ఫొటో వేద్దామన్నాను. ఎడిటర్ గారు పైపు ఫొటోనే వేశారు.