పందికొక్కు ఏ మెట్టు మీద ఉంటుంది?

1920ల్లో కట్టిన వర్లి బి.డి.డి. చాళ్లలో పెరిగిన తెలుగు విద్యార్థులకు పందికొక్కును పరిచయం చేయనక్కరలేదు. దాని పేరును మాత్రం ఒకసారి గమనించండి. ఇంగ్లీషులో ‘బాండికూట్’ అనేది మన పందికొక్కునే. 1873లో జంతుశాస్త్రజ్ఞుడు గ్రే ఈ ప్రజాతికి పెట్టిన ‘బాండికోటా’ అనే శాస్త్రీయ నామం కూడా ఆ మాట నుంచి వచ్చినదే. పందీ, కొక్కూ రెండూ సర్వభక్షకాలే. వీటికి ఆహారపు గొలుసులో చోటెక్కడ?

పాఠ్యపుస్తకంలో గొలుసు సూటిగా ఉంటుంది. మొక్కలు ఉత్పత్తిదారులు, అది మొదటి మెట్టు. మొక్కలను తినేవి ప్రాథమిక వినియోగదారులు, వాటిని తినేవి ద్వితీయ వినియోగదారులు, ఆ పైవి తృతీయ వినియోగదారులు. పందికొక్కు వరిగింజలు తిన్నప్పుడు ప్రాథమిక వినియోగదారు. ఆకులు తినే నత్తను తిన్నప్పుడు ద్వితీయ వినియోగదారు. ఏ ఒక్కటి రాసినా సగం సమాధానమే.

వర్లి కోళివాడలో చేపను ఎత్తుకుపోయే కాకిని చూడండి. సముద్రంలోని సూక్ష్మ వృక్షాలను సూక్ష్మ జంతువులు తింటాయి, వాటిని చిన్న చేప తింటుంది, ఆ చేపను కాకి తింటుంది. ఇక్కడ కాకి తృతీయ వినియోగదారు. అదే కాకి మన కిటికీలో అన్నం మెతుకులు తింటే ప్రాథమిక వినియోగదారు.

వ్యాకరణంలోనూ ఇటువంటిది ఉంది. ‘మంచి పుస్తకం’లో ‘మంచి’ విశేషణం. ‘మంచి చేశాడు’లో నామవాచకం. వాక్యం తెలియనిదే భాషాభాగం చెప్పలేము. అలాగే తిండి తెలియనిదే మెట్టు చెప్పలేము.

అందుకే శాస్త్రజ్ఞులు సగటు కడతారు. ఒక పందికొక్కు తిండిలో మూడు వంతులు ధాన్యం, ఒక వంతు నత్తలు అనుకుందాం. ధాన్యం 1వ మెట్టు, నత్త 2వ మెట్టు; తిండి సగటు 1.25. తినే జీవి తిండికి ఒక మెట్టు పైన ఉంటుంది గనుక పందికొక్కు స్థానం 2.25. ఇదే పద్ధతిలో లెక్కించి 2013లో ప్రచురించిన ఒక పరిశోధన మానవుల స్థానం 2.21 అని తేల్చింది. మనమూ పందికొక్కుకు దగ్గరలోనే ఉన్నాము!

ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరే శక్తి సుమారు పదోవంతే. కనుక పైకి పోయేకొద్దీ తిండి కరవు. సర్వభక్షకానికి మాత్రం ఒక మెట్టున దొరకకపోతే మరో మెట్టున దొరుకుతుంది. గోదాములూ చెత్తకుప్పలూ ఉన్న మహానగరంలో కాకీ, పందికొక్కూ నిలదొక్కుకోవటానికి ఇదొక ముఖ్య కారణం.

పరీక్షలో ‘ఏ మెట్టు?’ అని అడిగితే, ‘ఏమి తిన్నప్పుడు?’ అని ముందుగా తేల్చుకొని జవాబు రాయండి.