గేరు మార్చే కంప్యూటరు

నాందేడ్ నుంచి దెగ్లూరు వైపు బయలుదేరిన ఎస్.టి. బస్సు ఊరు దాటేలోగా డ్రైవరు ఎన్నోసార్లు గేరు మారుస్తాడు. ఎడమకాలితో క్లచ్ నొక్కుతాడు. ఎడమచేత్తో గేరు రాడ్డును జరుపుతాడు. తర్వాత క్లచ్‌ను మెల్లగా వదులుతాడు. చేయి తిరిగిన డ్రైవరయితే గేరు మారిన సంగతి ప్రయాణికులకు తెలియనే తెలియదు. కొత్త డ్రైవరయితే నిలబడినవారు ముందుకు తూలుతారు. బస్సు ఒకటే, దారి ఒకటే. తేడా అంతా గేరు మార్చే తీరులో ఉంది. ఆటోమేటిక్ కార్లలో ఈ పనిని కంప్యూటరు చేస్తుంది. మరి కంప్యూటరుకు ఆ నేర్పు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంజను ఒక హద్దు లోపల తిరిగినప్పుడే చక్కగా పనిచేస్తుంది. మరీ మెల్లగా తిరిగితే బరువు లాగలేక ఆగిపోతుంది. మరీ వేగంగా తిరిగితే మోత పెరుగుతుంది, పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది. కారు మాత్రం ఒకప్పుడు నడక వేగంతో, ఒకప్పుడు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలి. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేది గేరుబాక్సు. మొదటి గేరులో లాగే బలం ఎక్కువ, వేగం తక్కువ. పై గేర్లకు వెళ్లేకొద్దీ బలం తగ్గి, వేగం పెరుగుతుంది. గేర్లున్న సైకిలు తొక్కేవారు ఎత్తు ఎక్కేటప్పుడు ఒక గేరు, చదును నేలపై మరొక గేరు వాడేది ఇందుకే.

గేరును తనంతట తానే మార్చుకొనే కారు నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ 1939లో ‘హైడ్రా-మాటిక్’ అనే గేరుబాక్సును ప్రవేశపెట్టింది. అది 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. అందులో కంప్యూటరు లేదు. నూనె ఒత్తిడి, కవాటాలు, స్ప్రింగులు కలిసి గేరు ఎప్పుడు మారాలో నిర్ణయించేవి. ఆ తీరును మార్చాలంటే స్ప్రింగునో, కవాటాన్నో మార్చవలసి వచ్చేది. నేటి కార్లలో ఆ నిర్ణయం సాఫ్ట్‌వేర్‌ది. సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటరుకు మనిషి రాసి ఇచ్చిన ఆజ్ఞల వరుస. అందులోని అంకెలు మారితే కారు నడక మారుతుంది. ఈ అంకెలను సరిచూసి అమర్చడాన్నే ట్యూనింగ్ అంటారు. వీణ తీగలను శ్రుతి చేయడం వంటిదే ఈ పని.

మన దేశంలో చాలాకాలం ఆటోమేటిక్ కారు ఖరీదైన వస్తువుగానే ఉండేది. 2014 ఫిబ్రవరిలో మారుతి సుజుకి సంస్థ ‘సెలెరియో’ అనే చిన్న కారును విడుదల చేసింది. అందులో ఏఎంటీ అనే పద్ధతిని కూడా అందించింది. ఏఎంటీలో గేరుబాక్సు మామూలు కారుదే. క్లచ్ నొక్కడం, గేరు జరపడం అనే పనులను మాత్రం కంప్యూటరు ఆజ్ఞ ప్రకారం ఒక యంత్రం చేస్తుంది. గేరుబాక్సు కొత్తది కానక్కరలేదు కనుక ఖర్చు తగ్గింది. ఆ తర్వాత ఇతర సంస్థలు కూడా చిన్న కార్లలో ఈ పద్ధతిని వాడాయి.

కంప్యూటరుకు కళ్లు లేవు. ముందున్న దారి దానికి కనిపించదు. సెన్సార్లు పంపే సమాచారమే దానికి ఆధారం. కారు ఎంత వేగంతో పోతున్నది, ఇంజను ఎంత వేగంగా తిరుగుతున్నది, యాక్సిలరేటరును ఎంత నొక్కారు, బ్రేకు పట్టారా లేదా అన్నవి క్షణక్షణం దానికి అందుతుంటాయి. వాటిని తనలోని అంకెల పట్టికతో పోల్చి గేరు మారుస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. యాక్సిలరేటరును కొద్దిగా నొక్కినప్పుడు 30 కిలోమీటర్ల వేగం వద్ద మూడో గేరు వేయాలని పట్టికలో ఉందనుకోండి. వేగం 29కి తగ్గగానే తిరిగి రెండో గేరు వేయాలని కూడా రాస్తే ఏమవుతుంది? కారు ఆ రెండు గేర్ల మధ్య ఊగిసలాడుతూనే ఉంటుంది. అందుకే కిందికి దిగే వేగాన్ని మరికొంత తక్కువగా, 24 అని పెడతారు. ఈ చిన్న సవరణతో ప్రయాణం నిలకడగా సాగుతుంది.

పై గేరు తొందరగా పడేటట్లు అమర్చితే ఇంజను మెల్లగా తిరుగుతుంది. పెట్రోలు ఆదా అవుతుంది. చప్పుడు తగ్గుతుంది. కాని కారులో చురుకు తగ్గుతుంది. రెండు వరుసల దారిలో చెరకు ట్రాక్టరును దాటవలసి వచ్చిందనుకోండి. యాక్సిలరేటరును గట్టిగా తొక్కినా కంప్యూటరు ముందు కింది గేరుకు దిగాలి, తర్వాతే బలం అందుతుంది. అందుకు ఒక్క సెకను ఆలస్యమైనా, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆలోగా సుమారు 17 మీటర్లు సాగిపోతుంది. ఎదుటి వాహనం కూడా అంతే వేగంతో వస్తుంటే వాటి మధ్య దూరం 33 మీటర్లు తగ్గిపోతుంది. కాబట్టి గేరు మారే వేళ కేవలం సుఖానికి సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది. గేరును ఆలస్యంగా మార్చేటట్లు అమర్చితే కారు చురుకుగా ఉంటుంది, కాని పెట్రోలు ఖర్చు పెరుగుతుంది.

ఎప్పుడు మార్చాలన్నది ఒక ప్రశ్న. ఎలా మార్చాలన్నది మరొక ప్రశ్న. ఏఎంటీ కారులో గేరు మారే క్షణంలో ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. అప్పుడు లోపల కూర్చున్నవారి తలలు కొద్దిగా ముందుకు ఊగుతాయి. క్లచ్ చప్పున కలిస్తే కుదుపు వస్తుంది. మెల్లగా కలిస్తే కుదుపు తగ్గుతుంది, కాని గేరు మారడానికి ఎక్కువ సమయం పడుతుంది. క్లచ్ పలకలు ఒరుసుకొని అరిగిపోతాయి కూడా. ఆ క్షణంలో ఇంజను బలాన్ని కొంచెం తగ్గించి, క్లచ్‌ను తగినంత వేగంతో కలపడం ట్యూనింగ్‌లోని నేర్పు. ద్రవం ద్వారా బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న కార్లలో ఈ ఊపు తక్కువగా ఉంటుంది.

దారిని బట్టి కూడా అవసరాలు మారుతాయి. నాందేడ్ వజీరాబాద్‌లో రద్దీ వేళ కారు అంగుళం అంగుళం జరగాలి. బ్రేకు మీది కాలు తీయగానే అది మెత్తగా కదిలితే నడిపేవారికి హాయి. మాహూరు ఘాటు ఎక్కేటప్పుడు ఊరికే పై గేరుకు పోతే బలం చాలదు. దిగేటప్పుడు కింది గేరులో ఉంటే ఇంజనే కారును కొంత పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు. ఇన్ని అవసరాలను ఒకే పట్టిక తీర్చలేదు. అందుకే కొన్ని కార్లలో రెండు మూడు పట్టికలు ఉంటాయి. పొదుపు కావాలంటే ఒకటి, చురుకు కావాలంటే మరొకటి ఎంచుకోవచ్చు.

ట్యూనింగ్ చేసే ఇంజనీర్లు ఎండలో, చలిలో, ఎత్తుపల్లాలలో కారును నడిపి పరీక్షిస్తారు. పొగకు, పెట్రోలు వాడకానికి సంబంధించిన నియమాలను కూడా వారు పాటించాలి. ఇటువంటి పరీక్షలు జరిపే ఏఆర్ఏఐ అనే సంస్థ 1966 నుంచి పుణెలో ఉంది. అందువల్ల తెలియనివారి చేత ఈ అంకెలు మార్పించడం మంచిది కాదు. చురుకు పెరిగినట్లు అనిపించినా, క్లచ్ త్వరగా అరగవచ్చు, పొగ హద్దు దాటవచ్చు.

సాఫ్ట్‌వేర్ ఇంజనుకు లేని బలాన్ని తెచ్చి పెట్టలేదు. ఉన్న బలాన్ని ఎప్పుడు, ఎంత మెత్తగా చక్రాలకు అందించాలో మాత్రమే చెప్పగలదు. మంచి డ్రైవరు ఏళ్ల తరబడి నేర్చుకొన్న ఒడుపును ఇంజనీరు అంకెలుగా మార్చి కంప్యూటరుకు అప్పగిస్తాడు. అయినా ముందున్న మలుపును చూడవలసినది, ట్రాక్టరును దాటాలో ఆగాలో నిర్ణయించవలసినది చక్రం పట్టిన మనిషే.

అభ్యాసం

1. గేరుబాక్సు అవసరం ఏమిటి? సైకిలుతో పోల్చి రాయండి.
2. హైడ్రా-మాటిక్ గేరుబాక్సుకూ నేటి ఆటోమేటిక్ కార్లకూ గల తేడా ఏమిటి?
3. “గేరు మారే వేళ ప్రాణానికి సంబంధించినది” – ఎందుకో వివరించండి.
4. ఒడుపు, ఊగిసలాడు, పొత్తు కుదుర్చు – ఈ మాటలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.