ఎర్రమట్టిలో ఇనుము, ఒంట్లో రక్తం



పండగ వస్తున్నదంటే మా దుండిగల్‌లో ఇప్పటికీ కొందరు గడపకూ, అరుగుకూ జాజు పూస్తారు. జాజుకు ఆ ఎరుపు ఎక్కడిదో ఎప్పుడన్నా ఆలోచించారా?

అది ఇనుముది. మన చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టల్లో కనిపించే నల్లని రేణువుల్లో ఇనుము ఉంటుంది. ఎండకూ వానకూ రాయి చివికి మట్టయ్యేటప్పుడు ఆ ఇనుము ప్రాణవాయువుతో కలిసి హెమటైట్ అనే ఖనిజం అవుతుంది. చెలకల ఎరుపు ముఖ్యంగా దానిదే. నల్లగా మెరిసే హెమటైట్ రాయినైనా సరే, అరగదీసి చూడండి, పొడి ఎర్రగానే వస్తుంది.

తడి ఎక్కువగా ఉన్నచోట ఇనుము నీటిని కూడా కలుపుకొని పచ్చటి గోథైట్ అవుతుంది. వేడిగా, పొడిగా ఉండే నేలల్లో హెమటైటే ఎక్కువ. జోర్డాన్ ఎడారిలోని వాదీ రమ్ కొండల ఎరుపూ ఇనుముదే. పచ్చమన్నును బాగా కాలిస్తే నీరు పోయి అదీ ఎర్రబడుతుంది. కుమ్మరి ఆవంలో కుండ ఎర్రబడేదీ ఇనుము వల్లనే.

ఈ ఖనిజం గుట్టలకు గుట్టలుగా పడి ఉన్నచోట గనులు తవ్వుతారు. ఎండకు మాడే ఆస్ట్రేలియా పిల్బరా కొండల్లోనూ, మన ఓబుళాపురంలోనూ ఉన్నది ఇదే. 2004లో అంగారకుడి మీద దిగిన ఆపర్చునిటీ యంత్రానికి చిన్న చిన్న గుండ్లుగా కనిపించిందీ ఇదే.

ఈ సంగతులన్నీ ఒకనాడు అరుగు మీద చెప్పాను. కొన్నాళ్లకు పక్కింటి కోడలు, అయిదో నెల, గోడమట్టి గిల్లి నోట్లో వేసుకోవడం చూసి, "అదేమిటక్కా, వద్దనవేం?" అని అత్తగారినడిగాను. "తిననీ చెల్లె, అండ్ల ఇనుముంటదని నువ్వే చెప్పినవ్ గదా, రక్తం పడ్తది" అన్నది. నా గుండె గుభేలుమంది. సగం చెప్పి ఊరుకున్నది నేనే కదా!

మిగతా సగం ఇదీ. స్వచ్ఛమైన హెమటైట్ నూరు తులాల్లో 70 తులాలు ఇనుమే. గ్రీకు భాషలో రక్తానికున్న మాట నుంచే దానికీ, మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కూ పేరు వచ్చింది. కానీ ఆ ఇనుము మన కడుపులో సరిగా కరగదు, ఒంటికి పట్టదు. పైగా మట్టి, తిన్న తిండిలోని ఇనుమును కూడా పట్టుకొని బయటికి తీసుకుపోవచ్చు. నులిపురుగుల గుడ్లు, సీసం వంటి విషాలు కూడా మట్టితో లోపలికి పోవచ్చు.

మట్టి తినాలనిపించడం చాలాసార్లు రక్తహీనతకు గుర్తు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తం తక్కువని తేలింది. కాబట్టి పిల్లను తిట్టకండి, రక్తపరీక్ష చేయించండి. గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఇనుము మాత్రలు రోజుకొకటి, కనీసం 180 రోజులు వాడాలి. మాత్రతోబాటు టీ వద్దు, నిమ్మరసం మంచిది. ఆకుకూర, పప్పు, తినేవాళ్లయితే మాంసం పెట్టండి.

ఆ అమ్మాయిని మర్నాడే పరీక్షకు తీసుకెళ్లాం. రక్తం తక్కువే ఉంది. మాత్రలు మొదలుపెట్టింది.

జాజు గడపకు అందం. అది గడప మీదనే ఉండనిద్దాం.